గోడమీది బొగ్గుగీత

మా ఆటస్థలమునకు పడమటి వైపున సామానుల గది యొకటి కలదు. దాని గోడమీద, తలుపునకు కుడిప్రక్కన, మొన్నటి వేసవి సెలవులలో సున్నము వేయించువరకును ఒక బొగ్గుగీత యుండెను. దానిని గీసినవాడను నేనే. ఆ గీత నేలనుండి అయిదడుగుల రెండంగుళముల యెత్తున నుండెను. అంత యెత్తు ఏల యని యెవరైన నన్నడిగియుండినచో, పండితునివలె ఏదో యొక కారణము కల్పించి చెప్పియుందును. నిజమేమనగా, బొగ్గుముక్క చేతబట్టుకొని గోడయొద్ద నిలిచినప్పుడు చేయి శ్రమలేకుండ సాగినచోట గీసితిని. తరువాత కొలకఱ్ఱ పెట్టి చూడగా అయిదడుగుల రెండంగుళములని తేలెను. అంతకు మించిన ఆలోచన అందులో నేమియు లేదు.

నేను తెలుగు చెప్పువాడను. వ్యాకరణమునందు సంధులు విడదీయుటయేగాని పిల్లల కాళ్లు చేతులు ఎట్లు కదలవలెనో నేనెరుగను. శిక్షణ కళాశాలలో చదువునప్పుడు వ్యాయామవిద్య యను పాఠ్యాంశము మాకును ఉండెను; అందులో గట్టెక్కుటకు కావలసిన మార్కులు మాత్రము సంపాదించి, ఆ పుస్తకమును తమ్మునికిచ్చితిని. మా డ్రిల్లుమాస్టరుగారు ఉద్యోగవిరమణము చేసిన యేడు, క్రొత్తవారు వచ్చువరకు ఆటలు చూడుమని హెడ్మాస్టరుగారు ఒక ఈలను నా చేతిలో పెట్టిరి. క్రొత్తవారు రాలేదు. ఈల నా మెడలో నుండిపోయెను.

మా శంకరంపేట బడిలోని బాస్కెట్‌బాలు స్థలమును చూచినవారికి దాని సొగసు తెలియును. ఎర్రమట్టి నేల, రెండు ఇనుపస్తంభములు, వలలేని రెండు చట్రములు. వానకాలమున ఒక కొసన నీరు నిలుచును గనుక ఆ కాలమున ఒకే చట్రమునకు ఇరుజట్లవారును బంతి వేయుదురు. అయినను సాయంకాలపు గంట కొట్టగానే నలుబదిమంది బాలురు అక్కడ మూగుదురు. జట్టునకు కావలసినవారు పదిమంది. నలుబదిమందిలో పదిమందిని ఏరుట నా వంటి అజ్ఞానికి కష్టముగదా! అందుచేత గీత గీసితిని. తల గీతను తాకినవారు కుడివైపునకు, తాకనివారు ఎడమవైపునకు. గొఱ్ఱెలను మేకలను వేరుచేయు పని అర్ధగంటలో ముగిసెను. ఎంత సులభమైన ఉపాయము కనిపెట్టితినని ఆనాడు సంతోషముగా ఇంటికి పోయి భోజనము చేసితిని.

ఎడమవైపున మిగిలినవారిలో ఎనిమిదవ తరగతి బాలు డొకడుండెను. పేరు వ్రాయను, ఈ సంచికను వాడును చదువును. వాని తండ్రి ఇతరుల ట్రాక్టరు నడుపును, తల్లి నాట్లకును కలుపులకును పోవును. వాని తలకును నా గీతకును నడుమ జానెడు వెలితి. తక్కినవారందరు గోలచేసి వెళ్లిపోయిరి గాని వాడు కదలలేదు.

"సారూ, నేను బంతులు ఏరుకొస్త. గ్రౌండుల ఉండనియ్యుండ్రి" అనెను.

ఉండనిచ్చితిని. నాలుగు నెలలు వాడు బంతు లేరెను. తుమ్మకంపలోనికి పోయిన బంతిని, ప్రహరీ దాటి రోడ్డుమీద పడిన బంతిని పరుగునపోయి తెచ్చుచుండెను. ఇప్పుడు తలచుకొన్న నాకొక సంగతి గుర్తునకు వచ్చుచున్నది. వాడు బంతిని తెచ్చి ఊరక లోనికి విసరువాడు కాడు. ఒక్క క్షణము ఆగి, లోపల ఎవని చుట్టు ఎవరును లేరో చూచి, వాని రొమ్మునకు సరిగా తగులునట్లు వేయువాడు. ఈ పని దినమునకు ముప్పదిసార్లు నా కన్నులయెదుట జరుగుచుండెను. కన్నులుండియు నేను చూడలేదు.

దసరా సెలవులకు వాడు హైదరాబాదులోని మేనమామ ఇంటికి పోయి వచ్చెను. వచ్చిన దినముననే, అందరును వినుచుండగా, "సారూ, అమెరికల ఒకాయన ఉండెనంట. అయిదడుగుల మూడంగుళాలే. పద్నాలుగేండ్లు పెద్దపెద్దోళ్లతోని ఆడిండంట. మామ సెల్లుల చూసిన" అనెను.

నేను నవ్వితిని. "అది సినిమా అయియుండునురా, సినిమాలో చీమ కూడ ఏనుగును ఎత్తును" అంటిని. నేను నవ్వితిని గనుక నలుబదిమందియు నవ్విరి. మాస్టరు నవ్వినప్పుడు నవ్వకుండుట బడిపిల్లలకు చేతగాని పని.

మరునాడు వాడు ఆటస్థలమునకు రాలేదు. ఆ మరునాడు బడికే రాలేదు. హాజరుపట్టీలో వాని పేరుకెదురుగా వరుసగా తొమ్మిది గైరుహాజరులు పడినవి. తరగతి ఉపాధ్యాయుడు, "ట్రాక్టరు వెంట పోవుచున్నాడట, ఇక రాడేమో" అనెను. పల్లెబడులలో పనిచేసినవారికి ఆ 'ఇక రాడేమో' అను మాట ఎంత బరువుగలదో నేను చెప్పనక్కరలేదు. ఎనిమిదవ తరగతిలో తొమ్మిది దినములు పోయిన బాలుడు తరచుగా తిరిగి రాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడు చెప్పినది సినిమాయేనని నిర్ధారణ చేసికొన్నచో నా మనస్సునకు కొంత ఊరట కలుగునని తలచి, వెదుకుటకు కూర్చుంటిని. సినిమా యున్నమాట నిజమే. 1996లో బొమ్మలను మనుష్యులను కలిపి తీసిన 'స్పేస్ జామ్' అను చిత్రములో ఆ పొట్టిమనిషి కనబడును. కాని అందులో అతడు తన పాత్రనే తాను ధరించెను. మనిషి నిజము. ఎత్తు నిజము. పదునాలుగేండ్లును నిజము. అబద్ధము నా నవ్వొక్కటే.

అతని పేరు టైరోన్ బోగ్స్. లోకము మగ్సీ బోగ్స్ అని పిలుచును. ఎదుటివాని చేతిలోని బంతిని దారిదోపిడిగానివలె లాగుకొనును గనుక వీధిపిల్లలు పెట్టిన పేరట అది. 1965 జనవరి 9వ తేదీన అమెరికాలోని బాల్టిమోరు నగరమున పుట్టెను. పేదలకై కట్టిన వాడలో పెరిగెను. అయిదేండ్ల వయస్సున, ఒక దుకాణదారుడు ఎవరిమీదనో కాల్చిన తుపాకి గుండ్ల రవ్వలు దారినున్న ఈ పసివానికి తగిలెను. తండ్రి చెరసాలకు పోయెను. తల్లి విడిచిన చదువును మరల చదివి ఉద్యోగము సంపాదించి పిల్లలను పోషించెను. ఇంతవరకు చదువునప్పటికే నాకు ట్రాక్టరు వెంట పోవుచున్న మా బాలుడు కన్నులలో మెదలసాగెను.

బాల్టిమోరులోని డన్బార్ ఉన్నత పాఠశాలలో అతడు ఆడెను. 1981-82 సంవత్సరమున ఆ జట్టు ఆడిన 29 పందెములును గెలిచెను. మరుసటి యేడు 31 ఆడి 31 గెలిచెను. న్యూజెర్సీ రాష్ట్రములోని క్యామ్డెన్ పాఠశాలవారితో ఆడుటకు పోయినప్పుడు, ఇతనిని చూచి ప్రేక్షకులు పకపక నవ్విరట. పందెము ముగియునాటికి ఆ నవ్వు లేదు. ఆ యొక్క పాఠశాల జట్టులోనుండి నలుగురు బాలురు పెద్దవారై ఎన్.బి.ఏ. అను అమెరికా వృత్తి క్రీడాకారుల లీగునకు చేరిరి. ఆ లీగులో ఆటయే జీవనోపాధి. ఆరున్నర అడుగుల మనిషి అక్కడ సామాన్యుడు.

అక్కడినుండి వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయము. 1986లో స్పెయిన్ దేశమున జరిగిన ప్రపంచ పోటీలలో బంగారు పతకము గెలిచిన అమెరికా జట్టులో అతడొకడు. 1987లో ఎన్.బి.ఏ. వారు క్రొత్త ఆటగాండ్రను ఎన్నుకొనునప్పుడు పండ్రెండవ స్థానమున వాషింగ్టన్ జట్టువారు అతనిని తీసికొనిరి. ఆ జట్టులోనే సూడాన్ దేశస్థుడైన మనూట్ బోల్ ఉండెను. అతని యెత్తు ఏడడుగుల యేడంగుళములు. ఇద్దరికిని నడుమ రెండడుగుల నాలుగంగుళముల భేదము. పత్రికలవారు ఇద్దరిని ప్రక్కప్రక్కన నిలిపి ఛాయాచిత్రములు తీసిరి. నవ్వుటకు పనికివచ్చు చిత్రమది. ఒక్క యేడు గడచిన తరువాత, క్రొత్తగా ఏర్పడిన జట్లు ఇతర జట్లవారు వదలిన ఆటగాండ్రను ఏరుకొనునప్పుడు, వాషింగ్టన్‌వారు ఇతనిని తమకు తప్పక కావలసినవారి పట్టికలో చేర్చలేదు. వదలినవానిని 1988లో షార్లట్ జట్టువారు తీసికొనిరి. ఎడమవైపునకు పంపబడినవాడు పోయి నిలిచిన స్థలమది.

ఇక్కడ ఆటను గురించి కొంత చెప్పక తప్పదు. చదువరులలో తలిదండ్రులును కలరు. వారిలో పలువురు ఈ ఆటను గోడ అవతలనుండి వినుటయేగాని చూచియుండరు. జట్టునకు అయిదుగురు. చట్రము దాపున నిలిచి పైనుండి వచ్చు బంతిని అందుకొనువారు పొడగరులు. దూరముగా నిలిచి బంతిని నేలకు కొట్టుచు నడిపించుకొని వచ్చువాడు గార్డు. గార్డనగానే మనకు రైలు వెనుకపెట్టెలో పచ్చజెండా ఊపు మనిషి జ్ఞప్తికి వచ్చును. ఈ గార్డు అట్టివాడు కాడు. పేరు గార్డుదేగాని పని యింజను డ్రైవరుది. అంతర్జాతీయ నియమముల ప్రకారము ఎనిమిది సెకనులలో బంతి సగము నేల దాటవలెను, ఇరువదినాలుగు సెకనులలో చట్రమునకు వేయవలెను. ఆ కొద్ది కాలములో నలుగురు తోటివారు ఎక్కడ ఉన్నారో, ఎవడు ఒంటరిగా ఉన్నాడో, ఎవని అడుగు తడబడుచున్నదో చూచి, వానికి అందునట్లు బంతి నిచ్చుటయే గార్డు విద్య.

ఈ విద్యలో పొట్టితనము లోపమే యని నేను తలచియుంటిని. కాని విచారింపగా అందులో లాభమును కలదు. పొడవైనవాడు బంతిని నేలకు కొట్టునప్పుడు అది నడుమువరకు లేచి మరల దిగవలెను. ఆ లోపల ఎదుటివాడు చేయి చాపి లాగుకొనవచ్చును. బోగ్స్ కొట్టిన బంతి మోకాలు దాటి లేవదు. దానిని దొంగిలింపవలెనన్న ఆరున్నర అడుగుల మనిషి నాట్లువేయు కూలివానివలె వంగవలెను. అతడు వంగి లేచునంతలో ఇతడు ప్రక్కనుండి పోవును. ఎదుటివారు బంతి నడుపునప్పుడును అంతే. వారు క్రిందికి చూడని చోటనుండి ఇతని చేయి వచ్చును.

షార్లట్ జట్టులో 1997 వరకు అతడు ఆడెను. 1989-90లో పందెమునకు సగటున 10.7 సార్లు తోటివారికి గెలుపుబంతి నందించెను. ఈ అందించుటను వారు 'అసిస్టు' అందురు. అనగా, నీవిచ్చిన బంతితో తోటివాడు వెంటనే చట్రములో వేసినచో అది నీ లెక్కలో వ్రాయబడును. 1993లో ఆ జట్టు మొదటిసారిగా ముగింపు పోటీలకు చేరి, పేరుమోసిన బోస్టన్ జట్టును తొలి విడతలో ఓడించెను. ఆ యేడే, ఏప్రిల్ నెలలో, ఏడడుగుల ప్యాట్రిక్ యూయింగ్ వేయబోయిన బంతిని బోగ్స్ అడ్డగించెనన్న సంగతి నేటికిని చెప్పుకొందురు. తరువాత మోకాలు బాధించెను; 1995-96లో ఆరు పందెములు మాత్రమే ఆడగలిగెను. అటుపిమ్మట గోల్డెన్ స్టేట్ జట్టులోను, టొరంటో జట్టులోను ఆడి 2001లో ముగించెను. మొత్తము 889 పందెములు. ఎన్.బి.ఏ. లో ఆడినవారందరిలోను అతనికంటె పొట్టివాడు లేడు. పిమ్మట కొంతకాలము షార్లట్‌లోని స్త్రీల జట్టునకు శిక్షకుడుగా నుండి, ఆ తరువాత ఒక ఉన్నత పాఠశాల బాలురకు ఆట నేర్పెను.

అతని లెక్కలలో రెండు అంకెలు నన్ను చాలసేపు ఆపినవి. జీవితకాలమున అతడు తాను వేసి సంపాదించిన పాయింట్లు 6,858. ఇతరులకు అందించిన అసిస్టులు 6,726. రెంటికిని భేదము 132 మాత్రమే. ఒక్కొక్క అసిస్టునకు తోటివానికి రెండు పాయింట్లైనను వచ్చును, ఒకప్పుడు మూడు. లెక్కల మాస్టరుగారిని అడుగక నేనే గుణించితిని: 13,452కు తక్కువగాకుండ అతని చేతినుండి ఇతరుల పేరుమీద వ్రాయబడినవి. తనకుగా తెచ్చుకొన్నదానికి ఇది దాదాపు రెండింతలు.

మన సంచికలో ఏటేట అచ్చగు ఆటల నివేదికను ఒకసారి తిరుగవేసి చూచితిని. ఎవరు ఎన్ని వేసిరో వ్రాసియున్నది. ఎవరు అందించిరో ఏ సంవత్సరమునను వ్రాయలేదు. గత రెండేండ్ల నివేదికలు వ్రాసినవాడను నేను.

మరియొక సంగతియు ఆ రాత్రియే తెలిసెను. ఈ ఆటను కల్పించినవాడు జేమ్సు నైస్మిత్ అను కెనడా దేశస్థుడు, వేదాంతవిద్య నభ్యసించినవాడు. 1891 డిసెంబరులో, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, వై.ఎమ్.సి.ఏ. శిక్షణ పాఠశాలలో అతడు ఉపాధ్యాయుడు. బయట మంచు, లోపల పదునెనిమిదిమంది విసిగిపోయిన విద్యార్థులు. వారికై పదమూడు నియమములు వ్రాసి, పీచ్ పండ్ల బుట్టలు రెండు తెప్పించి, వ్యాయామశాల మేడవరండా కమ్మికి ఆ కొసను ఒకటి ఈ కొసను ఒకటి కొట్టించెను. ఆ కమ్మి నేలకు పది అడుగుల యెత్తున నుండెను. అంతే! నాటినుండి నేటివరకు లోకమంతట చట్రము ఎత్తు పది అడుగులు. ఏ శాస్త్రమును దానిని నిర్ణయింపలేదు. ఒక వడ్రంగి కట్టిన వరండా నిర్ణయించెను. స్ప్రింగ్‌ఫీల్డులో చదివిన హ్యారీ క్రో బక్ దొరగారు 1920లో మద్రాసున వై.ఎమ్.సి.ఏ. వ్యాయామవిద్యా పాఠశాలను స్థాపించిరి. అక్కడ తరిఫీదు పొందిన డ్రిల్లుమాస్టర్లు దక్షిణదేశపు బడులకు ఈ ఆటను తెచ్చిరి. మా వలలేని చట్రములు ఆ వంశములోనివే. అతని వరండా, నా బొగ్గుగీత. రెండును చేయి సాగినచోట ఏర్పడినవే. కాని అతడు బుట్టను ఎత్తున కొట్టించెనేగాని గోడకు పిల్లలను నిలుపలేదు.

మరునాటి సాయంకాలము సైకిలుమీద ఆ పల్లెకు పోయితిని. బాలుడు నన్ను చూచి ఇంటి వెనుకకు పోయెను. తండ్రి మంచము వాల్చి, "కూసోండ్రి సారూ" అని మర్యాద చేసెను. చెంబుతో నీళ్లు వచ్చెను. వచ్చిన పని చెప్పితిని: బాలుని బడికి పంపుమనియు, జట్టులోనికి తీసికొందుననియు. ఆయన కొంతసేపు నేలను చూచి, "సారూ, తప్పుగ అనుకోకుండ్రి. ఈ బంతి రేపు వానికి బువ్వ బెడ్తదా?" అని అడిగెను.

దీనికి ఉపాధ్యాయులు సామాన్యముగా చెప్పు జవాబు నాకును వచ్చును. చెప్పలేదు. ఒకసారి నవ్వి తప్పు చేసినవాడను, ఇప్పుడు అబద్ధమాడి మరియొక తప్పు చేయదలచలేదు. తెలిసినంత చెప్పితిని. మన దేశమున ఈ ఆటలో గార్డుగా మిక్కిలి పేరు పొందినవాడు విశేష్ భృగువంశీ, 1991లో పుట్టిన కాశీవాసి. భారత జట్టునకు నాయకుడయ్యెను. 2014లో చైనాలోని ఊహాన్ నగరమున జరిగిన ఆసియా కప్పులో మనవారు చైనాను 65-58 పాయింట్లతో ఓడించినప్పుడు ఆ జట్టులో నుండెను. 2017లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్ జట్టుతో శిక్షణ ఒప్పందము పొందెను. ఆ దేశపు లీగు జట్టు ఒప్పందము భారతీయునికి దొరకుట అదే మొదలు. 2020 సంవత్సరపు అర్జున పురస్కారము వచ్చెను. అంతటివానికిని నెలజీత మిచ్చినది ఆట కాదు, ఓ.ఎన్.జి.సి. యను చమురుసంస్థలోని ఉద్యోగము. మన దేశమున రైల్వేలు, సైన్యము, పోలీసు, ఇట్టి సంస్థలే ఆటగాండ్రకు అన్నదాతలు. 2015లో యు.బి.ఏ. అను వృత్తి లీగు పుట్టెను. అందులో హైదరాబాదు పేరిటను ఒక జట్టు ఉండెను. 2017తో అది ఆగిపోయెను. 2022లో ఐ.ఎన్.బి.ఎల్. అను మరియొకటి మొదలయ్యెను, అందులోని తొలి ఆరు నగరముల జట్లలో మన హైదరాబాదు లేదు. ఏడడుగుల రెండంగుళముల పంజాబీ యువకుడు సత్నాం సింగును 2015లో ఎన్.బి.ఏ. లోని డల్లాస్ జట్టువారు ఎన్నుకొనిరి. అట్లు ఎన్నుకొనబడిన తొలి భారతీయుడతడే, అయినను ఆ లీగులో ఒక్క పందెమైన ఆడుట సంభవింపలేదు.

ఇదంతయు ఆయనకు మన మాటలలో చెప్పి, "బంతి బువ్వ పెట్టదు. చాలమందికి పెట్టదు" అంటిని.

ఆయన ఆశ్చర్యపడెను. "మరెందుకు సారూ?"

"రేపటి సంగతి కాదు. ఈ దినము వానిని బడికి తెచ్చునది ఇదొక్కటే. అది నేనే చెడగొట్టితిని" అంటిని.

ఆయన ఏమియు అనలేదు. బాలుడు ఇంటి వెనుకనుండి వినుచుండెనని నాకు తెలియును. వానికి వినబడునట్లు, "మగ్సీ బోగ్స్ సినిమా కాదురా, నీవు చెప్పినదే నిజము" అంటిని. పిల్లవానితో తప్పొప్పుకొనుట శిక్షణ కళాశాలలో మాకెవ్వరును నేర్పలేదు. నాకు చెమట పట్టెను. సోమవారమునాడు వాడు తరగతిలో వెనుక బల్లమీద కూర్చుండియుండెను.

మెదకులో పాఠశాలల నడుమ పందెము జరిగినప్పుడు వానిని వెంట తీసికొనిపోయితిని. బస్సు ఊరిని సమీపించునప్పుడు 175 అడుగుల కెథీడ్రలు గోపురము కనబడగానే పిల్లలందరు కిటికీలకు ఎగబడిరి. వాడు మాత్రము ఒడిలోని బంతిని వ్రేళ్లతో నొక్కి గాలి సరిగా నున్నదా యని చూచుకొనుచుండెను.

వాడు బరిలోనికి దిగగానే ఎదుటివారు నవ్విరి. అది నేనెరిగిన నవ్వే గనుక తల దించుకొంటిని. ఆట మొదలయ్యెను. మొదటి అయిదు నిముషములలో వాడు రెండుసార్లు బంతి పోగొట్టుకొనెను. పిమ్మట నేల అలవాటయ్యెను. హాజరుపట్టీ చివరి పుటలో నేను పెన్సిలుతో గుర్తులు పెట్టుచుంటిని: వేసినవారి పేర్లు ఒక ప్రక్క, అందించినవాని పేరు మరియొక ప్రక్క. రెండవ ప్రక్కన ఒకే పేరుక్రింద తొమ్మిది గుర్తులు పడినవి. మొదటి ప్రక్కన వాని పేరుక్రింద ఒక్కటే.

ఇంక కొద్ది సెకనులున్నవనగా మావారు ఒక పాయింటు వెనుకబడియుండిరి. బంతి వాని చేతిలో నుండెను. చట్రము ఎదుటనే కలదు, వేయవచ్చును. "వేయరా!" అని అందరును అరచిరి, నేనును అరచితిని. వాడు వేయలేదు. ప్రక్కగా పరుగెత్తుచున్న పదవ తరగతి పొడగరి చేతిలో పెట్టెను. ఆ పొడగరి వేసెను. బంతి చట్రము అంచున తిరిగి తిరిగి బయటపడెను. ఈల మ్రోగెను. ఓడిపోయితిమి.

తిరుగుప్రయాణములో జట్టువారందరు వానిపై పడిరి. "నువ్వే ఎయ్యకపోతివి" అని ఒకడు, "గెలిచే ఆట పోగొడ్తివి" అని మరియొకడు. పొడగరి కిటికీవైపు ముఖము త్రిప్పుకొని కూర్చుండెను. నేను వాని ప్రక్కన చేరి, ఏల వేయలేదని మెల్లగా అడిగితిని. నన్ను ఇదేమి ప్రశ్నయన్నట్లు చూచి, "అన్న ఖాళీగ ఉండె గద సారూ" అనెను. కొంతసేపటికి పొడగరి తన సంచిలోని వేరుసెనగలు తీసి వానిచేతిలో పోసెను.

వాడిప్పుడు పదవ తరగతి. పరీక్షలు దగ్గరపడినవి గనుక సాయంకాలము అరగంటకు మించి ఆడనిచ్చుట లేదు. ట్రాక్టరు పని ఆదివారములందు మాత్రము కలదు. ఈ సంచికలోని ఆటల నివేదికలో అందించినవారి పేర్లకు ప్రత్యేకముగా ఒక వరుస చేర్చితిని. అచ్చుకూర్పువారు అదేమని అడుగగా వివరించి చెప్పవలసివచ్చెను.

వేసవిలో సామానుల గదికి సున్నము వేయించునప్పుడు పిల్లలు కొందరు సాయము వచ్చిరి. వాడును వచ్చెను. గీత యున్నచోటికి కుంచె రాగానే వాడు బక్కెట్టు క్రిందపెట్టి, గోడకు వీపు ఆనించి, నిటారుగా నిలిచి, అరచేయి తలమీద పెట్టి చూచుకొనెను. ఇంకను నాలుగు వ్రేళ్ల వెలితి యుండెను. "ఎక్కలేదు సారూ" అని నవ్వి, కుంచె సున్నములో ముంచెను.